ఒకే బల్ల, రెండు కంప్యూటర్లు: ఆరు నెలలుగా వాడుతున్న కేవీఎం స్విచ్ గురించి

మా ఇల్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంది. పడకగది కిటికీ పక్కన నాలుగున్నర అడుగుల బల్ల ఒకటి వేసుకున్నాను. ఇంటి నుంచి చేసే ఉద్యోగమూ, ఉద్యోగం అయ్యాక ఇష్టంతో చేసే పనీ దాని మీదే సాగాలి. వారంలో రెండు రోజులు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో ఇక్కడే కూర్చుంటాను. సాయంత్రాలూ ఆదివారాలూ సొంత డెస్క్‌టాప్ మీద చిన్న పత్రికలకూ కవితా సంపుటాలకూ పేజీ మేకప్ చేస్తాను. మానిటర్లు రెండు: ఒకటి 27 అంగుళాల 4కే తెర (1080 తెర కన్నా నాలుగు రెట్లు చుక్కలతో బొమ్మ చూపేది), ఇంకొకటి పేజీ మొత్తం ఒక్క చూపులో కనబడేలా నిలువుగా తిప్పి పెట్టుకున్న 24 అంగుళాల మామూలు 1080 తెర. కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు అక్షరాలు అంటించుకున్నాను. పదేళ్లుగా వేళ్లు దానికే అలవాటు పడ్డాయి కనుక రెండో కీబోర్డు కొనుక్కోవడం నాకు పరిష్కారం కాదు.

రెండేళ్ల పాటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మానిటర్ల వెనక్కి వంగి కేబుళ్లు మార్చుకుంటూ గడిపాను. చివరికి ల్యాప్‌టాప్‌లో మానిటరుకు బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ పోర్టు వదులై, కేబుల్ కొంచెం కదిలితే చాలు బొమ్మ పోయే స్థితి వచ్చింది. కంపెనీ వస్తువు పాడుచేశానన్న బాధతో అప్పుడు ఈ విషయాన్ని శ్రద్ధగా పట్టించుకున్నాను.

ముందుగా సాఫ్ట్‌వేర్ దారి గురించి ఆలోచించాను. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో భాగంగా ఉచితంగా దొరికే మౌస్ వితౌట్ బోర్డర్స్ వంటివి ఒకే కీబోర్డు, మౌసుతో రెండు కంప్యూటర్లను నడిపిస్తాయి. మౌసు బాణం ఒక కంప్యూటర్ తెర అంచు దాటి రెండోదాని తెర మీదికి వెళ్తుంది. అయితే అవి పంచేది కీబోర్డునూ మౌసునూ మాత్రమే, తెరలను కాదు. ప్రతి కంప్యూటరుకూ తన తెర తనకు ఉండాలి. పైగా రెండింటిలోనూ ప్రోగ్రామ్ ఎక్కించాలి, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి కనబడాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో మనంతట మనం ఏదీ ఎక్కించే వీలు లేని నాలాంటి వారికి ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. మిగిలింది కేవీఎం స్విచ్. కీబోర్డు, వీడియో, మౌస్ అన్న మూడు మాటల మొదటి అక్షరాలతో వచ్చిన పేరు అది. రెండు కంప్యూటర్ల నుంచి వచ్చే కేబుళ్లు ఒక పెట్టెలోకి వెళ్తాయి, ఆ పెట్టె నుంచి మానిటర్లకూ కీబోర్డుకూ మౌసుకూ కేబుళ్లు వస్తాయి. బొత్తాం నొక్కితే అన్నీ కలిసి ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి మారతాయి.

నేను కొన్న మొదటి పెట్టె పేరు గానీ అమ్మిన దుకాణం పేరు గానీ ఇక్కడ రాయను. ఒకే పెట్టెను వేర్వేరు పేర్లు ముద్రించి అమ్మడం ఈ సరుకులో మామూలే కాబట్టి పేరు చెప్పినా పాఠకుడికి పెద్దగా ఉపయోగం ఉండదు. దాని మీద 4కే అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర నాలుగు వేల లోపే. బిగించిన రోజున అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది. డెస్క్‌టాప్ మీద ఎడమ తెరలో రాతప్రతి, కుడి తెరలో పేజీ, దాని పక్కన రంగులూ శైలులూ ఎంచుకునే చిన్న పలకలు తెరిచి పెట్టుకొని పని చేస్తుండగా ఆఫీసు నుంచి ఫోను రావడంతో ల్యాప్‌టాప్‌కు మారాను. పది నిమిషాల తర్వాత తిరిగి డెస్క్‌టాప్‌కు వచ్చేసరికి తెర మీది కిటికీలన్నీ, అంటే ప్రోగ్రాముల విండోలన్నీ, ఒకే తెర మీద ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి, నిలువు తెర ఖాళీగా ఉంది. అన్నీ సర్దుకొని మళ్లీ మారి వచ్చాను, మళ్లీ అదే కుప్ప. రోజుకు ఎనిమిది సార్లు మారే మనిషికి ఇది కేబుళ్లు మార్చుకోవడం కన్నా ఎక్కువ కష్టం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం ఈ వస్తువు కొనేవారికి అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ప్రతి మానిటరులోనూ దాన్ని తయారు చేసింది ఎవరు, అది ఏ నమూనా, ఏ రిజల్యూషన్లు చూపగలదు అన్న వివరాలు ఒక చిన్న చిప్పులో రాసి ఉంటాయి. వాటిని ఈడీఐడీ అంటారు. ప్రధాన భాగం కేవలం 128 బైట్లు. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ఉండే 19 పిన్నులలో చివరిది, అవతల మానిటర్ ఉందన్న కబురును కంప్యూటరుకు చేరవేస్తుంది. ఆ కబురు అందగానే కంప్యూటర్ ఈడీఐడీని చదువుకొని దానికి తగినట్టు బొమ్మ పంపిస్తుంది. చౌక పెట్టెలు మీట నొక్కిన క్షణంలో ఈ తీగలను కూడా రెండో కంప్యూటర్ వైపు తిప్పేస్తాయి. దాంతో మొదటి కంప్యూటర్ తన మానిటర్లను ఎవరో పీకేశారని అనుకొని, కిటికీలన్నీ ఒకే తెర మీదికి చేర్చేస్తుంది. విండోస్ 11లో మానిటర్ కనెక్షన్‌ను బట్టి కిటికీల స్థానాలను గుర్తుంచుకునే ఏర్పాటు ఒకటి డిస్‌ప్లే సెట్టింగులలో ఉంది. అది పెద్ద కిటికీలను చాలావరకు తిరిగి వాటి చోటికి చేర్చింది గానీ, పేజీ మేకప్ ప్రోగ్రాములోని చిన్న పలకలను నేను ప్రతిసారీ చేత్తో సర్దుకోవలసి వచ్చింది.

మంచి పెట్టె ఇలా చేయదు. అది మానిటర్ల ఈడీఐడీని తనలో నకలు చేసుకొని, ప్రస్తుతం మనం చూడని కంప్యూటరుకు కూడా మానిటర్లు ఇంకా తగిలించే ఉన్నాయన్న కబురు పంపుతూనే ఉంటుంది. దుకాణాల్లో దీన్ని ఈడీఐడీ ఎమ్యులేషన్ అంటారు. పెట్టె అట్ట మీద ఈ మాట లేకపోతే, ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దని చెబుతాను.

రెండోసారి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి, చదువుకొని వెళ్లాను. కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నాగోల్ వైపు రైలుకు మారి, ప్యారడైజ్‌లో దిగితే అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు. మూడు దుకాణాల్లో ఈడీఐడీ సంగతి అడిగితే 4కే వస్తుంది సార్, ఇంకేం కావాలి అన్నట్టే మాట్లాడారు. నాలుగో దుకాణంలో ఉన్న పెద్దాయన మాత్రం, "మీ ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, ఇక్కడే రెండు మానిటర్లకు పెట్టి చూపిస్తాను, నచ్చితేనే డబ్బులు ఇవ్వండి" అన్నారు. మరుసటి శనివారం బరువు మోసుకొని వెళ్లాను. ఆయన తన డెస్క్‌టాప్‌తో కలిపి బిగించి, అటూ ఇటూ పదిసార్లు మార్చి చూపించారు. కిటికీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తొమ్మిది వేల ఎనిమిది వందలకు తీసుకున్నాను. నాలుగు హెచ్‌డీఎంఐ కేబుళ్లు, రెండు యూఎస్‌బీ కేబుళ్లు, ఒక అడాప్టరు, బల్ల మీద పెట్టుకునే తీగ బొత్తాం అందులోనే వచ్చాయి.

ఆరు నెలల వాడకంలో ఈ పెట్టె తన ప్రధాన పనిని లోపం లేకుండా చేస్తోంది. బొత్తాం నొక్కాక బొమ్మ రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, నిలువు తెర ఒక్క సెకను వెనకబడుతుంది. ఉగాది సంచిక పేజీలు కడుతున్న వారమంతా రోజుకు ఇరవై సార్లకు తక్కువ కాకుండా మారాను; రాతప్రతి, పేజీ, పలకలు ఒక్కసారి కూడా చెదరలేదు. మానిటర్లు ఆన్‌లో ఉన్నప్పుడే పెట్టెకు కరెంటు ఇవ్వాలన్నది ఒక్కటే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇది ఈడీఐడీని ఆ క్షణంలోనే నకలు చేసుకుంటుంది. ఒకసారి మరిచిపోతే 4కే తెర మీద అక్షరాలు 1080లో మసకగా వచ్చాయి. పెట్టె ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాక సరిపోయింది.

ఇక 4కే అన్న మాట సంగతి. హెచ్‌డీఎంఐలో పాత రకమైన 1.4 సెకనుకు 10.2 గిగాబిట్లు మాత్రమే మోయగలదు, 2013లో వచ్చిన 2.0 అయితే 18 గిగాబిట్లు మోస్తుంది. 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు మార్చాలంటే దాదాపు 17.8 గిగాబిట్లు కావాలి. అందుకే 1.4 పెట్టె మీద కూడా 4కే అని నిజాయితీగానే రాయవచ్చు, అయితే అది 30 హెర్ట్జ్‌కే, అంటే సెకనుకు 30 సార్లు మారే బొమ్మకే పరిమితం. నా మొదటి పెట్టె అటువంటిదే. 30 హెర్ట్జ్‌లో మౌసు బాణం జారినట్టు కాక గెంతినట్టు కదులుతుంది. ప్రూఫు చదువుతూ పేజీ కిందికి జరిపితే కళ్లు తొందరగా అలసిపోతాయి. మరోవైపు, 1080 తెరకు 60 హెర్ట్జ్‌లో నాలుగున్నర గిగాబిట్లు చాలు, 1440 తెరకు ఏడు పైచిలుకు సరిపోతాయి. కనుక ఇంట్లో 4కే తెర లేనివారు 2.0 కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు, ఆ డబ్బును ఈడీఐడీ ఉన్న పెట్టె మీద పెట్టడం మేలు.

కేబుళ్ల దగ్గర కూడా నేనొక తప్పు చేశాను. పెట్టెను బల్ల కింద దాచాలని అదనంగా మూడు మీటర్ల పాత కేబుళ్లు వాడితే 4కే తెర గంటకోసారి నల్లబడి తిరిగి వచ్చేది. కంప్యూటర్ నుంచి పెట్టెకు, పెట్టె నుంచి మానిటరుకు రెండు కేబుళ్ల పొడవూ కలిసి లెక్కకు వస్తుందని తర్వాత అర్థమైంది. పెట్టెను బల్ల పైకి తెచ్చి, ప్రీమియం హై స్పీడ్ అన్న ముద్ర, స్కాన్ చేసే లేబుల్ ఉన్న మీటరున్నర కేబుళ్లు మార్చాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

రెండు తెరల పెట్టెకు ప్రతి కంప్యూటర్ నుంచీ రెండు వీడియో కేబుళ్లు రావాలి. ఇది చాలామంది ఇంటికి తెచ్చుకున్నాక గమనించే సంగతి. ల్యాప్‌టాప్‌లో సాధారణంగా హెచ్‌డీఎంఐ ఒకటే ఉంటుంది. రెండో బొమ్మ టైప్ సి పోర్టు నుంచి అడాప్టరు ద్వారా తీసుకోవాలి. అయితే అన్ని టైప్ సి పోర్టులూ బొమ్మ పంపలేవు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉన్నవి మాత్రమే పంపుతాయి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూసుకోవాలి. కంప్యూటరుకు లేని శక్తిని ఈ పెట్టె ఇవ్వలేదు. ఆపిల్ ఎం1, ఎం2 చిప్పుల మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతుంది. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది. ఎం4 వచ్చాకే మూత తెరిచి కూడా రెండు నడపడం సాధ్యమైంది. పాత ఎయిర్ ఉన్నవారు రెండు తెరల స్విచ్ కొంటే రెండో తెర నల్లగానే మిగిలిపోతుంది.

కీబోర్డు, మౌసుల కోసం పెట్టె వెనక రెండు ప్రత్యేక పోర్టులు ఉన్నాయి. వాటిలో పెడితే మారడం వేగంగా జరుగుతుంది, కంట్రోల్ మీటను రెండుసార్లు కొట్టి కూడా మారవచ్చు. కానీ నా మౌసుకు పక్కన ఉన్న అదనపు బొత్తాలు ఆ పోర్టులో పనిచేయలేదు. మౌసును మామూలు యూఎస్‌బీ పోర్టులోకి మార్చాక పనిచేశాయి. పేజీ పనిలో వేలు ఎప్పుడూ కంట్రోల్ మీదే ఉంటుంది కనుక, అనుకోకుండా రెండుసార్లు మారాక ఆ మీట సౌకర్యాన్ని ఆపేశాను. బ్లూటూత్ కీబోర్డులు ఈ పెట్టె ద్వారా నడవవు, చిన్న రిసీవర్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డులు నడుస్తాయి. వెబ్‌క్యామ్‌నూ హెడ్‌సెట్‌నూ మాత్రం నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాను, ఎందుకంటే మీటింగు నడుస్తుండగా డెస్క్‌టాప్‌కు మారితే మైకు కూడా అటే వెళ్లిపోయి, ఇటు నా మాట ఎవరికీ వినపడదు. పెట్టెలో పెన్‌డ్రైవ్ పెట్టే పోర్టు కూడా ఉంది. కంపెనీ ల్యాప్‌టాప్ ఉన్న బల్ల మీద దాన్ని ఖాళీగా ఉంచడమే క్షేమం.

నాకు నచ్చనివి లేకపోలేదు. ముందువైపున్న నీలం దీపాలు రాత్రిపూట కళ్లకు గుచ్చుకుంటాయి, వాటి మీద నల్ల టేపు అంటించాను. వానాకాలంలో కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే, యూపీఎస్ మీద ఉన్న డెస్క్‌టాప్ ఆగదు గానీ పెట్టె మాత్రం మొదటి కంప్యూటర్ వైపు తిరిగిపోతుంది. దాని అడాప్టరును కూడా యూపీఎస్‌లోనే పెట్టాక ఆ చికాకు తప్పింది. నిద్రలోకి వెళ్లిన ల్యాప్‌టాప్‌ను మాత్రం ఈ కీబోర్డుతో లేపలేకపోతున్నాను. చెయ్యి చాచి దాని బొత్తామే నొక్కాలి.

తొమ్మిది వేలు పెట్టడం భారమనుకునేవారికి, రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే మారేవారికి వేరే దారి ఉంది. ఇప్పటి మానిటర్లకు సాధారణంగా రెండు మూడు ఇన్‌పుట్లు ఉంటాయి. రెండు కంప్యూటర్లనూ నేరుగా మానిటరుకు తగిలించి, తెర వెనక బొత్తాంతో ఇన్‌పుట్ మార్చుకోవచ్చు. కీబోర్డు, మౌసుల కోసం వెయ్యి, పదిహేను వందల్లో దొరికే యూఎస్‌బీ స్విచ్ ఒకటి సరిపోతుంది. రెండు తెరలకు రెండు బొత్తాలు, యూఎస్‌బీకి ఇంకొకటి నొక్కాలి గనుక శ్రమ కొంచెం ఎక్కువ, కానీ బొమ్మ నేరుగా వస్తుంది కాబట్టి కేబుల్ తగాదాలు తక్కువ. చాలా మానిటర్లు వేరే ఇన్‌పుట్ చూపిస్తున్నప్పుడు కూడా మొదటి కంప్యూటరుకు తాము ఉన్నట్టే కబురు పంపుతాయి, కొన్ని పంపవు. మీ మానిటర్ ఏ రకమో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు: కంప్యూటర్ మీద నాలుగు కిటికీలు రెండు తెరల్లో తెరిచి, ఒక మానిటర్ ఇన్‌పుట్‌ను మార్చి, నిమిషం ఆగి, తిరిగి వెనక్కి తెచ్చి చూడండి. కిటికీలు కదలకపోతే మీకు యూఎస్‌బీ స్విచ్ చాలు; కదిలితే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని పార్క్‌లేన్ వెళ్లండి, బిగించి చూపించని దుకాణంలో మాత్రం డబ్బు ఇవ్వకండి.