యూర్-లెక్స్ సైటు: గంజాం రొయ్యకు యూరప్ చట్టం ఏ అరలో దొరుకుతుంది

ఒడిశా గంజాం జిల్లాలో చిలికా చుట్టుపక్కల, ఛత్రపూర్ వైపు పెరిగిన వనామి రొయ్య యూరప్‌కు వెళ్ళాలంటే అక్కడి 27 దేశాల చట్టాలు విడివిడిగా చదవనక్కర్లేదు. ఆ దేశాలన్నిటి నెత్తిన కూర్చున్న చట్టం ఒకటుంది. లా పుస్తకాల్లో దాన్నే సుప్రానేషనల్ లా అంటారు. అదంతా పైసా తీసుకోకుండా చూపించే అధికారిక సైటు యూర్-లెక్స్. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ ప్రచురణల కార్యాలయం దీన్ని నడుపుతుంది. 24 భాషల్లో ఉంది, మన భాష ఏదీ లేదు. ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశామో కింద ఉంది.

సైటు తాళంచెవి సెలెక్స్ నంబరు, అంటే ప్రతి పత్రానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. బరంపురంలో ఎగుమతి కాగితాలు చూసేవాళ్ళు గానీ, లా చదివే పిల్లలు గానీ ముందు నేర్చుకోవాల్సింది ఇదే. మొదటి అంకె చూస్తే ఆ చట్టం ఏ మూలం నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. 1 అయితే ఒడంబడికలు: 1957 రోమ్ ఒప్పందం, 2009 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న లిస్బన్ ఒప్పందం వంటివి. మిగతా చట్టానికంతా ఇవే పునాది. 2 అయితే యూనియన్ బయటి దేశాలతో చేసుకున్న ఒప్పందాలు. 3 అయితే ఆ పునాది మీద కట్టిన చట్టాలు. 6 అయితే యూనియన్ కోర్టు తీర్పులు. అంకె తర్వాత సంవత్సరం, దాని పక్కన రకం చెప్పే అక్షరం, చివర నాలుగంకెల సంఖ్య వస్తాయి. జంతు సంబంధ ఆహారానికి పరిశుభ్రత నియమాలు చెప్పే 853/2004 కావాలంటే 3, 2004, ఆర్, 0853 అని ఖాళీ లేకుండా కొట్టాలి. ముందున్న సున్నా మరిచిపోతే దొరకదు. ఇంకో తిరకాసు: 2015కు ముందు రెగ్యులేషన్లకు సంఖ్య ముందు, సంవత్సరం తర్వాత రాసేవారు. 2015 నుంచి సంవత్సరమే ముందు. 2019/1871 అన్నచోట 1871ని సంవత్సరం అనుకుని వెతికితే తెల్లవారినా తేలదు.

రకం చెప్పే అక్షరం దగ్గరే అసలు పని. ఆర్ అంటే రెగ్యులేషన్: సభ్య దేశం తన పార్లమెంటులో మళ్ళీ చట్టం చేయకుండానే నేరుగా వర్తిస్తుంది. ఎల్ అంటే డైరెక్టివ్: సాధించాల్సిన ఫలితం చెప్పి, దారి ఆయా దేశాలకే వదిలేస్తుంది. కాబట్టి డైరెక్టివ్ చదివి ఊరుకుంటే సగమే చదివినట్టు. ఏ దేశం దాన్ని ఏ చట్టంగా మార్చుకుందో ఆ పేజీలోనే ఉన్న జాతీయ అమలు చర్యల లంకెలో చూడాలి. డి అంటే డెసిషన్: ఎవరిని ఉద్దేశించి రాస్తే వాళ్ళనే కట్టేస్తుంది. సిఫార్సులు, అభిప్రాయాలు ఎవరినీ కట్టవు.

డెసిషన్ అంటే చిన్నదని తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశపు చెరువు రొయ్యల సరుకును యూరప్ రేవులోనే పరీక్షించాలన్న 2010/381 అచ్చంగా డెసిషనే. సభ్య దేశాలను ఉద్దేశించి రాశారు, మన పేరున రాలేదు. 2016 సవరణలో కనీసం సగం కన్‌సైన్‌మెంట్ల నుంచి నమూనాలు తీయాలన్నారు. దెబ్బ మాత్రం ఇక్కడి ప్లాంటు మీద పడింది.

సైటులో మెచ్చుకోవాల్సింది పత్రం సమాచారం అనే ట్యాబు. నిషేధిత యాంటీబయాటిక్ మందులైన క్లోరాంఫెనికాల్ 0.15 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో ఎన్ని వంతులన్న లెక్క), నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 0.5 పీపీబీ చేరినా దాటినా సరుకు పనికిరాదని 2019/1871 చెబుతుంది. అది యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్ చేసినది. ఆ అధికారం ఎక్కడిదని ఆ ట్యాబులో చూస్తే 470/2009 కనబడుతుంది, అది యూరప్ పార్లమెంటూ, సభ్య దేశాల మంత్రులుండే కౌన్సిలూ కలిసి చేసినది. అక్కణ్ణుంచి ఇంకో మెట్టెక్కితే ఒడంబడిక. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఏది దేనికి లోబడి ఉందో ఏ నోట్సూ ఇంత బాగా చూపదు.

ఇప్పుడు కోసిన మార్కు సంగతి. శోధనలో ముందు తగిలేది చాలాసార్లు మొదట అచ్చయిన పాఠమే. సవరణలు అందులో ఉండవు. సవరణలన్నీ కలిపిన తాజా ఏకీకృత పాఠం అని తేదీతో కనబడే లంకె నొక్కాలి. ఆ పాఠం సెలెక్స్ నంబరు 0తో మొదలవుతుంది. అందులో బాణం గుర్తు పక్కన బి ఉంటే మూలం, ఎం ఉంటే సవరణ, సి ఉంటే అచ్చుతప్పు దిద్దుబాటు. అయితే ఏకీకృత పాఠానికి చట్టబలం లేదని దాని నెత్తినే రాసి ఉంటుంది. చదువుకోవడానికి అది, కొనుగోలుదారుతో తగువు పడితే చూపడానికి యూనియన్ అధికార పత్రికలో అచ్చయినది. 2013 జులై 1 నుంచి ఆ పత్రిక ఎలక్ట్రానిక్ ప్రతికే చట్టబలం. ఈ తేడా కొత్తవాళ్ళకు సైటు విడమరిచి చెప్పదు.

తీర్పుల అర చిన్నచూపు చూడదగ్గది కాదు. ఒడంబడికలోని హక్కును పౌరుడు నేరుగా కోర్టులో అడగొచ్చని 1963లో వాన్ గెండ్ ఎన్ లూస్ కేసు, దేశ చట్టంతో పేచీ వస్తే యూనియన్ చట్టానిదే పైచేయి అని 1964లో కోస్టా కేసు తేల్చాయి. ఈ రెండూ లేకపోతే యూనియన్ ఒడంబడికలు కూడా చాలావరకు మామూలు అంతర్జాతీయ ఒప్పందాల్లాగే మిగిలేవి. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఒప్పందం ప్రభుత్వాలనే కట్టేస్తుంది. దాన్ని పట్టుకుని బరంపురం వ్యాపారి నేరుగా అక్కడికి వెళ్ళి దావా వేయలేడు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లోనైతే ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి, అది దేశాల మీద కూర్చునే వ్యవస్థే కాదు.

స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తీర్పుల కోసం ఇక్కడ వెతకొద్దు. ఆ కోర్టు కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది, యూనియన్‌ది కాదు. దాని సైటు పేరు హుడోక్.