హైస్కూల్ కుస్తీ తర్వాత సైన్యం: అకాడమీ మేలా, సిపాయిగా చేరడం మేలా?

అమెరికా హైస్కూలులో కుస్తీ పట్టి, ఆ తర్వాత సైన్యంలో పనిచేయాలనుకునే కుర్రవాడు ముఖ్యంగా రెండు దారులను తూచి చూసుకోవాలి. ఒకటి అన్నాపొలిస్‌లోని నేవల్ అకాడమీ వంటి చోట చదువుతూ, ఆ జట్టు తరఫున పోటీపడి అధికారిగా బయటికి రావడం. రెండోది సిపాయిగా చేరి, కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్‌లో సైనికులైన క్రీడాకారులను ఒలింపిక్స్ వంటి పోటీలకు తయారుచేయడానికి ఆర్మీ నడిపే వరల్డ్ క్లాస్ అథ్లెట్ ప్రోగ్రామ్‌లో చోటు సంపాదించడం.

మొదటి దారిలో నడిచినవారు లాయిడ్ కీజర్. నేవల్ అకాడమీలో చదివి మెరైన్ కోర్‌లో అధికారి అయిన ఆయన 1973లో టెహ్రాన్‌లో 68 కిలోల ఫ్రీస్టైల్ ప్రపంచ విజేత అయ్యారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు. రెండో దారి డ్రెమియల్ బయర్స్‌ది. నార్త్ కరోలినాలోని కింగ్స్ మౌంటెన్ నుంచి వచ్చి ఆర్మీలో చేరిన ఈ హెవీవెయిట్ యోధుడు 2002లో మాస్కోలో గ్రీకో రోమన్ ప్రపంచ విజేతగా నిలిచి, 2007లో కాంస్యం, 2009లో రజతం కూడా సాధించారు.

పతకాలను బట్టి ఏ దారినీ తక్కువ చేయలేము. తేడా అంతా కుస్తీ పద్ధతిలో ఉంది. హైస్కూలులోనూ కాలేజీలోనూ పట్టేది ఫోక్‌స్టైల్. ప్రత్యర్థిని చాప మీద అణచి, లేవనీయకుండా అదుపులో ఉంచడమే అందులో అసలు విద్య. ఒలింపిక్స్‌లో ఉండేవి ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్ మాత్రమే. గ్రీకో రోమన్‌లో నడుము కింద పట్టు నిషిద్ధం, కాళ్లతో మెలిక వేయడమూ నిషిద్ధమే. ఫోక్‌స్టైల్‌లో, ఫ్రీస్టైల్‌లో కాళ్లు పట్టవచ్చు; అకాడమీ జట్టు పట్టేదీ కాలేజీ ఫోక్‌స్టైలే. కాబట్టి ప్రత్యర్థి కాళ్లందుకుని గెలిచే పిల్లవాడికి అకాడమీలోని నాలుగేళ్లు అచ్చి వస్తాయి. ఛాతీకి ఛాతీ ఆనించి ఎత్తి విసిరే పిల్లవాడికి అవే నాలుగేళ్లు సొంత బలానికి దూరంగా గడవవచ్చు. గ్రీకో రోమన్‌కు ఆర్మీ ప్రోగ్రామ్ పెట్టింది పేరు.

అయినా చాలామందికి నేను అకాడమీనే సూచిస్తాను. అక్కడ చదువుకు ఫీజు లేదు, డిగ్రీ చేతికి వస్తుంది, బదులుగా కనీసం 5 ఏళ్లు సేవ చేయాలి. సిపాయిగా చేరినంత మాత్రాన ఫోర్ట్ కార్సన్‌కు పంపుతారన్న హామీ ఏమీ లేదు. ముందు ప్రాథమిక శిక్షణ, ఆ తర్వాత వృత్తి శిక్షణ పూర్తి కావాలి. జాతీయ స్థాయి ఫలితాలు చూపాలి. అప్పటిదాకా పంపిన చోట మామూలు విధులే. అక్కడ కుస్తీ చాప ఉండకపోవచ్చు, జోడీ కూడా దొరకకపోవచ్చు. పద్దెనిమిదేళ్ల శరీరానికి ఆ విరామం ఎంతో నష్టం.

అక్కడి తెలుగు కుటుంబాలు ఇంకొకటి గమనించాలి. అమెరికన్ విద్యార్థిగా అకాడమీలో చేరాలంటే పౌరసత్వం తప్పనిసరి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుని నామినేషన్ వంటిదీ ఉండాలి. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న పిల్లవాడు సిపాయిగా చేరవచ్చు. ఇక రెండు దారుల్లోనూ వైద్య పరీక్ష కఠినమే. జారిన భుజం, శస్త్రచికిత్స అయిన మోకాలు ఉంటే ఆ కాగితాలను పదకొండో తరగతి నుంచే ఒకచోట చేర్చి ఉంచాలి.