టేకు పనికి ఎలాంటి టేపు కొనాలి: సిరోంచ నుంచి ఒక వడ్రంగి సమీక్ష

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో కలప పని చేసేవారికి ఒకే దుంగ రకరకాల కొలతల్లో ఎదురవుతుంది. అటవీశాఖ డిపోలో టేకు ఘనమీటర్ల లెక్కన అమ్ముడవుతుంది. కోతమిల్లుకు చేరేసరికి అదే కలప ఘనపుటడుగుల్లోకి మారుతుంది, అంటే ఒక ఘనమీటరుకు 35.3 ఘనపుటడుగులు. పని బల్ల మీదికి వచ్చాక అడుగులు, అంగుళాలే. అంగుళంలో ఎనిమిదో వంతును తెలుగు వడ్రంగులు నూలు అంటే, పక్కన పనిచేసే మరాఠీ మేస్త్రి సూత్ అంటాడు. రెండు మాటలకూ అర్థం దారమే కావడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

అందువల్ల ఒక అంచున అంగుళాలు, మరో అంచున సెంటీమీటర్లు ఉన్న టేపునే ఇక్కడ ఎంచుకోవాలి. రెండడుగుల పలక అని అందరూ పిలిచే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగులంటే 609.6. పది పలకల వరుసను అడుగుల్లో లెక్కవేస్తే 96 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగు అంగుళాలు తేడా వస్తుంది. గడపను ఎక్కడ నిలపాలో ఆ వరుసను బట్టే నిర్ణయించేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

టేపు కొనేటప్పుడు చాలామంది డబ్బా గట్టిదనాన్ని, పట్టీ వెడల్పును చూస్తారు. నేను మొదట చూసేది పట్టీ కొసన ఉన్న కొక్కెం. అది కాస్త కదులుతూ ఉంటే లోపమనుకుని, సుత్తితో కొట్టి బిగించినవారిని నేను చూశాను. ఆ కదలిక కావాలనే పెట్టినది. చెక్క అంచుకు తగిలించి లాగినప్పుడు కొక్కెం తన మందమంత బయటికి జరగాలి, గోడకు ఆనించి నొక్కినప్పుడు అంతే లోపలికి జరగాలి. అప్పుడే బయటి కొలత, లోపలి కొలత రెండూ సరిగ్గా వస్తాయి. కొక్కెం వంగినా, దాన్ని పట్టి ఉంచే రివెట్ల రంధ్రాలు సాగినా ఆ టేపు తీసే ప్రతి కొలతలోనూ తప్పు చేరుతుంది. పట్టీని ఆఖరి వరకూ విసురుగా వదిలేసి టపీమని మూయడం వల్లే రంధ్రాలు ఎక్కువగా సాగుతాయి. చివరి అడుగు దూరంలో వేలు అడ్డుపెట్టి నెమ్మదిగా లోపలికి పంపితే టేపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఈ పాఠం నాకు ఒక కిటికీ పనిలో అనుభవమైంది. చౌకట్టు, అంటే కిటికీ చట్రం, లోపలి కొలతను కట్టుబడి మేస్త్రి తన టేపుతో తీసి చెప్పాడు, నేను నా టేపుతో రెక్కలు కోశాను. అతని టేపు కొక్కెం వంగి ఉండడంతో రెక్కలు రెండు నూళ్లు తక్కువయ్యాయి. ఎక్కువైన చెక్కను చిత్రిక పట్టి తగ్గించవచ్చు గాని, తక్కువైన టేకును తిరిగి తేలేం. ఆ రోజు నుంచి పని ఒప్పుకోగానే ఇద్దరి టేపులనూ పక్కపక్కన పరచి సరిచూడనిదే రంపం పట్టడం లేదు.

ఖచ్చితత్వానికి పట్టీ మొదట్లో రోమన్ అంకెలతో తరగతి గుర్తు ఉంటుంది. ఐదు మీటర్ల పొడవుకు మొదటి తరగతి టేపులో అనుమతించే తేడా 0.6 మిల్లీమీటర్లు, రెండో తరగతిలో 1.3, మూడో తరగతిలో 2.6. ఇంటి పనికి రెండో తరగతి చాలు. మూడోదాన్ని నేను కొనను. ఈ లెక్కలన్నీ 20 డిగ్రీల వేడికి కట్టినవి. మా ప్రాంతపు మే నెలలో ఉక్కు పట్టీ 45 డిగ్రీలకు వేడెక్కితే ఐదు మీటర్ల మీద దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది గనుక టేపును ఎండలో, ఇసుక కుప్ప మీద వదిలేయకుండా నీడన ఉంచడం మంచిది.

నేను వాడుతున్నది లూధియానాకు చెందిన ఫ్రీమాన్స్ వారి ఐదు మీటర్ల, 19 మిల్లీమీటర్ల వెడల్పు టేపు. తలుపులకు, కిటికీలకు, మంచాలకు ఈ కొలతే నా చేతికి బాగా కుదిరింది. అంకెలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, తాళం నొక్కితే పట్టీ జారడం లేదు. మూడు మీటర్ల సన్న టేపు జేబులో తేలిగ్గా ఇముడుతుంది గాని, గాలిలో చాచగానే మధ్యలో విరిగినట్టు వాలిపోతుంది. ఒంటరిగా పైకప్పు ఎత్తు తీయాలన్నా, సెంట్రింగ్ పనిలో ఉన్నా 25 మిల్లీమీటర్ల వెడల్పుతో ఎనిమిది మీటర్లది తీసుకోవడం మేలు. అయితే దాని బరువు చెక్క పనికి అడ్డమే. పునాది ముగ్గు పోయడానికి 30 మీటర్ల ఫైబర్ టేపు ఉండాలి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల జాగాలో మూల నుంచి మూలకు సరిగ్గా 50 అడుగులు వస్తే మూలమట్టం, అంటే లంబకోణం, కుదిరినట్టే. కాని గట్టిగా లాగితే ఫైబర్ సాగుతుంది కాబట్టి దానితో చెక్కను కొలవకూడదు.

అంగడిలో కొనే ముందు ఒక ఉక్కు స్కేలు అడిగి తీసుకోండి. దాని కొసకు కొక్కెం తగిలించి 30 సెంటీమీటర్ల వద్ద గీతలు కలుస్తున్నాయో లేదో చూడండి. తర్వాత స్కేలును, కొక్కేన్ని ఒకే గోడకు ఆనించి మళ్లీ చూడండి. రెండుసార్లూ గీతలు కలిసిన టేపునే ఇంటికి తెచ్చుకోండి. వానాకాలంలో తడిసిన పట్టీని పొడి గుడ్డతో తుడిచాకే లోపలికి పంపండి.