రాంనగర్‌లో సముద్రపు చిరు చేపలు: కొనవచ్చు, కానీ కాస్త చూసి

హైదరాబాద్‌లో చేప అంటే రవ్వ, బొచ్చె, కొర్రమీను. జేబు బరువుగా ఉన్న ఆదివారం వంజరం. కాకినాడలో పెరిగిన నాకు ఇక్కడ గులివిందలు అనే ఎర్రని చిరు చేపలు కనబడితే పండగే. రాంనగర్ చేపల మార్కెట్ పక్క వీధిలో ఒక చిన్న కొట్టువారు, రొయ్యల కోసం వేసిన వలలో వాటితో పాటు పడే చేపలనే తెప్పించి అమ్ముతున్నారు. నాకొక ఫిర్యాదు ఉంది, దాన్ని సరిదిద్దుకొనే అవకాశం ఇవ్వాలి కాబట్టి పేరు రాయడం లేదు.

అరకిలో ట్రే 140 రూపాయలు. అందులో గులివిందలు, కారలు, కవళ్లు, సావళ్ల ముక్కలు కలిపి ఉంటాయి. శుభ్రం చేయడంలో వీరికి వంక పెట్టలేం. తలలు తీసేశారు, పొట్ట లోపలి నల్ల పొర కూడా గీకేశారు. ఆ పొర వదిలేస్తే పులుసు చేదెక్కుతుందని ఎంతమందికి తెలుసు? ఐసు కరిగాక గులివింద చర్మం మీది ఎరుపు వెలిసిపోలేదు, కండ వేలికి గట్టిగా తగిలింది. మామిడికాయ వేసి దాకలో పులుసు పెట్టాను. గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ తిప్పాలి, లేకపోతే చిన్న చేప చిదురైపోతుంది. కారలకు మాత్రం ముళ్లెక్కువ. వాటిని విడిగా కరకరలాడేలా వేయించండి.

వీరు అమ్మే చేప కట్లెట్లు మాత్రం నాకు నచ్చలేదు. యంత్రంతో ముళ్ల నుంచి కండను వేరుచేసి ఇలాంటివి చేయడం కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పటినుంచో నేర్పుతున్నదే, పద్ధతి మంచిది. వీరి కట్లెట్లో బంగాళాదుంపే తగులుతుంది, చేపను వెతుక్కోవాలి.

రోజుల తరబడి సముద్రంలో ఉండే రొయ్యల బోట్లకు ఐసు, చోటు రెండూ కొరతే. రొయ్యకు చోటిచ్చి మిగతాది తిరిగి నీళ్లలో పారబోస్తారు, అప్పటికే చాలావరకు చచ్చి ఉంటుంది. ప్రపంచమంతటా అన్ని రకాల సముద్ర వేటలోనూ కలిపి ఇలా పారబోసేది ఏడాదికి 91 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019లో అంచనా వేసింది. ఒడ్డుకు చేరినదాంట్లోనూ చాలా భాగం కోళ్ల మేతకు, రొయ్యల మేతకు పోతుంది. దాన్ని మనిషి కంచంలోకి తెస్తున్నందుకు ఈ కొట్టంటే నాకు గౌరవం.

ఫిర్యాదు ఇదీ: ఒక ట్రేలో రూపాయి బిళ్లంత చందువ పిల్లలు వచ్చాయి. యజమానిని అడిగితే, ‘‘వలలో పడ్డాక పారేయమంటారా అమ్మా?’’ అన్నారు. పారేయమని నేను అనను. కానీ పిల్ల చేపకు మంచి ధర పలికితే సన్న కన్ను వల వేసేవాడికే లాభం. మామూలు వలకన్ను లాగేటప్పుడు ముడుచుకుపోతుంది. వల చివర చేపలు చేరే సంచికి చతురస్రపు కన్ను పెడితే అది తెరుచుకొనే ఉండి పిల్లలు తప్పించుకుంటాయి. అలాంటి వల వాడే బోట్ల సరుకే తెప్పించమన్నాను. విశాఖలో సరుకు పంపే వ్యక్తిని కనుక్కుంటానన్నారు. ట్రే మీద చేపల పేర్లు కూడా రాయించాలి, కొనేవారికి ఏం తింటున్నారో తెలియాలి కదా!

పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే గులివిందలు ఏరి విడిగా ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి తాజా సరుకు ఉండదని వారే బోర్డు పెట్టారు. అప్పుడు ఎండు కవళ్లు అడగండి.