ట్రిబ్యునల్ కూడా కాదన్నాక: కోర్టా, మంత్రికి అర్జీనా, తిరుగు టికెట్టా?

ఆస్ట్రేలియాలో శరణు కోరేవాళ్లు పెట్టుకునే ప్రొటెక్షన్ వీసా, అంటే సబ్‌క్లాస్ 866, దరఖాస్తును హోం అఫైర్స్ శాఖ తిరస్కరించి, ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ కూడా కాదందంటే ముందున్నవి మూడు దార్లు. కోర్టుకెక్కడం, ఇమిగ్రేషన్ మంత్రికి అర్జీ పెట్టుకోవడం, వీసా ఉండగానే దేశం విడిచి వెళ్లడం. కొత్తగా ఇంకోసారి దరఖాస్తు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ఒకసారి తిరస్కరించాక, ఆ దేశంలోనే ఉంటూ మళ్లీ పెట్టకుండా మైగ్రేషన్ చట్టం 48ఏ సెక్షన్ అడ్డుపడుతుంది. ఆ అడ్డు తొలగించే అధికారం మంత్రి ఒక్కరికే ఉంది.

మూడింట్లో ఏది మేలో మీ బాధ ఎంత నిజమన్నదాన్ని బట్టి తేలదు. మనసుకు కష్టంగా ఉన్నా ఈ మాట ముందే చెప్పాలి. తేల్చేది ట్రిబ్యునల్ రాసిన నిర్ణయ పత్రం. దాన్ని పేరా పేరా చదివించుకున్నాకే దారి ఎంచుకోవాలి.

ముందు కోర్టు సంగతి. అక్కడ జరిగేది జుడిషియల్ రివ్యూ, అంటే నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అన్న పరిశీలన. అది అప్పీలు కాదు. ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు రెండో డివిజన్ జడ్జి మీకు ప్రాణభయం ఉందా లేదా అని చూడరు, వీసా ఇవ్వరు. ట్రిబ్యునల్ చట్టం గీసిన గీత దాటిందా అన్నదొక్కటే చూస్తారు. దాన్నే జూరిస్డిక్షనల్ ఎర్రర్ అంటారు. కోర్టు తలుపులు పూర్తిగా మూసేయాలని ప్రభుత్వం చట్టంలో గట్టి సెక్షనే పెట్టింది. ఇలాంటి తప్పు జరిగితే ఆ సెక్షన్ నిర్ణయాన్ని కాపాడదని 2003లో ఎస్157 కేసులో హైకోర్టు తేల్చింది. అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు స్థాయి.

“నన్ను నమ్మలేదు”, “అన్యాయం చేశారు” అని రాస్తే కేసు నిలవదు. నమ్మాలా వద్దా అన్నది ట్రిబ్యునల్ పనే. నిలిచేవి వేరు: మీరు స్పష్టంగా చెప్పిన ఒక భయాన్ని అసలు పరిశీలించకపోవడం, మీకు వ్యతిరేకమైన సమాచారాన్ని చట్టం చెప్పిన పద్ధతిలో మీ ముందు పెట్టకపోవడం, చట్టపరీక్షనే తప్పుగా అన్వయించడం. తప్పు దొరికినా సరిపోదు. అది జరగకపోయి ఉంటే ఫలితం మారే వాస్తవ అవకాశం ఉండేదని కూడా చూపాలి.

తెలుగువాళ్ల కేసుల్లో రెండు చోట్ల ప్రత్యేకంగా వెతకాలి. మొదటిది, “ఊళ్లో ఉండలేకపోతే పుణెలోనో ఢిల్లీలోనో బతకొచ్చు కదా” అన్న పేరా. 2014 డిసెంబరు 16 తర్వాత పెట్టిన దరఖాస్తుల్లో శరణార్థి నిర్వచనం కింద భయం దేశమంతటా ఉండాలి. అక్కడ వేరే చోటికి వెళ్లడం సబబేనా అన్న ప్రశ్న రాదు. కానీ ఆ తర్వాత చూసే కాంప్లిమెంటరీ ప్రొటెక్షన్‌లో (శరణార్థి నిర్వచనంలోకి రాకపోయినా, తిరిగి పంపితే తీవ్రమైన హాని జరిగేవాళ్లకిచ్చే రక్షణ) మీలాంటి మనిషి అలా వెళ్లి బతకడం సబబా అని తప్పకుండా చూడాలి: భాష, చంటిపిల్లలు, ఆరోగ్యం, ఆసరా. రెండింటినీ ఒకే వాక్యంలో చుట్టేసి ఉంటే లాయరుకు చూపించండి.

రెండోది దుబాసీ. “పెద్దమనుషులు పంచాయితీ పెట్టి మమ్మల్ని వెలేశారు” అని మీరంటే, “పెద్దలు కూర్చుని ఊరు వదిలి పొమ్మన్నారు” అని ఇంగ్లిషులో వెళ్లిందనుకోండి. వెలేయడమంటే పని ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించరు. బరువంతా అందులోనే ఉంది. అయితే కోర్టుకు మీ నోటిమాట చాలదు. విచారణ ఆడియో తెప్పించుకోవాలి, ఆ భాగానికి అర్హత ఉన్న అనువాదకుడితో రాతప్రతి చేయించి అఫిడవిట్‌తో జతచేయాలి, ఆ పొరపాటు నిర్ణయంలో ఫలానా పేరాకు ఎలా దారితీసిందో చూపాలి. ఈ పని గడువు చివరి రెండు రోజుల్లో అయ్యేది కాదు.

గడువు 35 రోజులు. చాలామంది పొరబడేది ఇక్కడే. లెక్క మీరు ఈమెయిల్ తెరిచిన రోజు నుంచి కాదు, నిర్ణయ పత్రం మీదున్న తేదీ నుంచి మొదలవుతుంది. నోటిమాటగా నిర్ణయం చెప్పి ఉంటే ఆ రోజు నుంచే. దాటితే పొడిగింపు అడగొచ్చు, కానీ ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా చెప్పాలి, వాదనలో పస కూడా కనిపించాలి. పొడిగింపు కాదన్నారంటే ఆ మాట మీద ఫెడరల్ కోర్టుకు మామూలు అప్పీలు లేదు.

ఖర్చు తక్కువేం కాదు. దాఖలు ఫీజును 2021 జనవరి 1న 690 డాలర్ల నుంచి 3,330కి పెంచారు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు తగ్గింపు కోరవచ్చు. ఓడితే మంత్రి తరఫు లాయర్ల ఖర్చు మీ మీద పడుతుంది. తుది విచారణ దాకా వెళ్లి ఓడితే కోర్టు నిబంధనల్లో దానికి పెట్టిన మొత్తం 8,000 డాలర్లు దాటింది. కట్టకపోతే అది ప్రభుత్వానికి బాకీ, రేపు మరో వీసా అడిగినప్పుడు అడ్డొస్తుంది. “కేసు వేసెయ్, రెండు మూడేళ్లు పని చేసుకోవచ్చు” అని అమ్ముడుపోయే సలహా ఈ లెక్క చెప్పదు. అలా మోసపోయి, కష్టపడి దాచుకున్నదంతా పోగొట్టుకునేది మన పిల్లలే. పైగా లాయరు కాని మైగ్రేషన్ ఏజెంటు కోర్టులో మీ తరఫున నిలబడలేడు.

గెలిస్తే పాత నిర్ణయం రద్దై కేసు మళ్లీ ట్రిబ్యునల్‌కే వెళుతుంది. అక్కడ మళ్లీ ఓడవచ్చు కూడా. పేరు బయటపడుతుందన్న భయం మాత్రం వద్దు. 91ఎక్స్ సెక్షన్ ప్రకారం కోర్టు మీ పేరు ప్రచురించకూడదు. తీర్పుల్లో అక్షరాలు, అంకెలే ఉంటాయి.

ఇక మంత్రికి అర్జీ. ఇది మీ కథను మనిషిగా చూడగలిగే దారి: ఆస్ట్రేలియా పౌరులైన పిల్లలు, తీవ్రమైన జబ్బు, తిరిగి వెళితే కుటుంబం చెదిరిపోయే పరిస్థితి. చట్టబద్ధమైన తప్పేదీ దొరక్క, ఇలాంటి కారణాలు గట్టిగా ఉన్నవాళ్లకు కోర్టు కంటే ఇదే మేలు. కానీ మంత్రి చూడాలన్న బలవంతం లేదు, చూడకపోతే ఎందుకని అడిగే హక్కూ లేదు. ప్రజాప్రయోజనం లేదని శాఖ అధికారులే అర్జీలను పక్కన పెట్టేసే పద్ధతి మాత్రం చట్టం ఇచ్చిన అధికారాన్ని మించిందని 2023 ఏప్రిల్‌లో డేవిస్ కేసులో హైకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో ఎవరికీ వీసా పుట్టలేదు.

రెండూ ఒకేసారి నడపాలన్న ఆశ సహజం. కోర్టు కేసు నడుస్తుండగా అర్జీని సాధారణంగా ముట్టుకోరు. అలాగని ముందు అర్జీ పెట్టి జవాబు కోసం కూర్చుంటే 35 రోజులు దాటిపోతాయి. అర్జీ తర్వాతైనా పెట్టుకోవచ్చు, కోర్టు గడువు ఆగదు. కాబట్టి నిర్ణయం అందిన మొదటి వారంలోనే కోర్టుకు పనికొచ్చే తప్పు ఉందో లేదో లాయరుతో తేల్చుకోవాలి. ఉంటే కోర్టే ముందు. లేకపోతే ఆ డబ్బు అర్జీకి కావలసిన వైద్య నివేదికల మీద, ఆధారాల మీద పెట్టడం మంచిది.

బ్రిడ్జింగ్ వీసా, అంటే దరఖాస్తో కేసో తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా, విషయం ఏ దారిలోనైనా చూసుకోవాలి. ట్రిబ్యునల్ నిర్ణయం తర్వాత పాతది దాదాపు 35 రోజుల్లో ముగుస్తుంది. సరైన తేదీ, పని హక్కు వీవోలో, అంటే వీసా వివరాలు చూసుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో, కనిపిస్తాయి. కోర్టులో కేసు వేసినంత మాత్రాన కొత్తది దానంతటదే రాదు, వేరే దరఖాస్తు పెట్టాలి. పాతది బతికుండగా, గడువులోపల కేసు వేసి పెడితే మళ్లీ ఎ రకం బ్రిడ్జింగ్ వీసా దొరికే వీలుంది. ఆలస్యమైతే ఇ రకం దగ్గరే ఆగుతారు.

ఆ తేడా మూడో దారికీ ముఖ్యమే. తిరిగి వెళ్లినా ప్రాణానికి ముప్పు లేదని మీకే అనిపిస్తే, బ్రిడ్జింగ్ ఎ ఉండగానే విమానం ఎక్కినవాళ్లకు మూడేళ్ల నిషేధం తగలదు. వీసా లేకుండా ఉండిపోయి వెళ్లినా, సబ్‌స్టాన్టివ్ వీసా (బ్రిడ్జింగ్ కాని అసలు వీసా) ముగిసిన 28 రోజుల తర్వాత వచ్చిన సి, డి, ఇ రకాల మీద వెళ్లినా, చాలా తాత్కాలిక వీసాలకు మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. టికెట్ కొనే ముందు వీవోలో ఆ ఒక్క అక్షరం చూసుకోండి.