కారులో ఇన్వర్టర్‌తో లాంగ్ ట్రిప్: దారిలో ఛార్జింగ్, బస చేసిన చోట్ల కరెంటు సంగతులు

ముందు కొండల మీదికి, అక్కణ్నుంచి అడవి పక్కన టెంట్లకి, ఆ తర్వాత సముద్రం ఒడ్డుకి వెళ్లేలా వేసుకున్న ట్రిప్ ఇది. ఒకే కారు, నలుగురం. నాకు దారిలో కూడా ఆఫీసు పని తప్పదు కాబట్టి ల్యాప్‌టాప్ ఉంది, మా తమ్ముడికి కెమెరాలూ డ్రోనూ ఉన్నాయి, మామయ్యకి రాత్రి నిద్రలో ఊపిరి కోసం పెట్టుకునే సీపాప్ మెషిన్ ఉంది, అత్తయ్యకి మాత్రం ఒక్క ఫోన్. అందుకే ఏ ఊళ్లో ఆగాలి అనేదానికన్నా ముందు వీటన్నిటికీ కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో తేల్చుకున్నాం.

కారుకి తీసుకున్నది 150 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే కారు బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుని ఇంట్లో ప్లగ్గుల్లో వచ్చేలాంటి నున్నటి అలల ఏసీగా మార్చే డబ్బా, డాష్‌బోర్డు దగ్గరుండే గుండ్రటి లైటర్ సాకెట్‌లో పెట్టేది. 1000 వాట్లది తీసుకోమని తెలిసినవాళ్లు చాలామంది చెప్పారు గానీ, లైటర్ సాకెట్ వెనక ఉండే ఫ్యూజ్ మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల మధ్య ఉంటుంది. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 120 వాట్లు, 15 అయితే 180. ఇన్వర్టర్ డబ్బా మీద ఎంత రాసి ఉన్నా ఆ సాకెట్ ఇచ్చేది అంతే, ఇంకా లాగితే ఫ్యూజ్ పోతుంది. నిజంగా 1000 వాట్లు కావాలంటే నేరుగా బ్యాటరీకి కలపాలి, ఫుల్ లోడ్ మీద ఆ వైర్లలో దాదాపు 100 ఆంపియర్లు పారతాయి, కాబట్టి బాగా లావు వైర్లు కావాలి, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజ్ పెట్టాలి. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలితే మంట రాకుండా ఆపేది ఆ ఫ్యూజ్ ఒక్కటే. ఈ పని కారు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మాకు కెటిల్, హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడి పుట్టించే సామాను దారిలో అవసరం లేదు కాబట్టి ఆ జోలికి పోలేదు.

ఏసీని నున్నటి అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఇచ్చే మోడిఫైడ్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చవగ్గా వస్తుంది, ఫోన్ ఛార్జర్లు దాని మీద మామూలుగా నడుస్తాయి. కానీ కొన్ని అడాప్టర్లు దాని మీద ఎక్కువ వేడెక్కుతాయి, స్పీకర్లలో జుయ్‌మని శబ్దం వస్తుంది, మోటారు ఉన్నవి ఇబ్బంది పడతాయి. మామయ్య మెషిన్ కోసమైనా ప్యూర్ సైన్ వేవే తీసుకోవాలని పట్టుబట్టాను, ఆ విషయంలో ఇప్పుడూ అదే మాట.

ఇక మొదటి బస, కొండ మీద చిన్న లాడ్జి. గదికి ఒకే ఒక్క సాకెట్, అదీ మంచానికి దూరంగా. రాత్రి కొన్ని గంటలు జనరేటర్ వేస్తారు, తర్వాత కటిక చీకటి. ముందు ఫోన్ చేసి అడిగినప్పుడే ఓనరు ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు, "ఛార్జింగ్ పెట్టుకోవాల్సినవి పైకి వచ్చేలోపే చూసుకోండి సార్" అని కూడా అన్నారు. అలాగే చేశాం. ఘాట్ ఎక్కినంతసేపూ ఇంజిన్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి 14 వోల్టుల దాకా వస్తుంటుంది, ఆ టైములో డ్రోన్ బ్యాటరీలు, కెమెరా బ్యాటరీలు ఒకదాని తర్వాత ఒకటి నిండిపోయాయి. గదిలోకి వెళ్లాక సాకెట్ వైపు చూసే అవసరం కూడా రాలేదు. గది శుభ్రం, దుప్పట్లు మందంగా ఉన్నాయి, ఓనరు చెప్పిన మాట నిజం. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా నచ్చిన బస ఇదే.

దాని తర్వాత ఒక రాత్రి ఆగిన చోటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బుకింగ్ పేజీలో పవర్ బ్యాకప్ అని పెద్దగా పెట్టారు, సాయంత్రం కరెంటు పోయాక తెలిసింది ఆ బ్యాకప్ ఫ్యానుకీ లైటుకే అని. ప్లగ్ పాయింట్లన్నీ చచ్చుబడిపోయాయి. రిసెప్షన్‌లో అడిగితే "లోడ్ తీసుకోదండీ" అన్నారు. అది వాళ్ల తప్పని కూడా అనను, బ్యాటరీ మీద నడిచే బ్యాకప్‌కి హద్దులుంటాయి, కానీ ఆ మాట పేజీలో ఉండాలి కదా. మీరు బుక్ చేసేటప్పుడు "బ్యాకప్ ఉందా" అని కాకుండా "కరెంటు పోతే ప్లగ్గులు పనిచేస్తాయా" అని అడగండి.

అడవి పక్కన టెంట్ల దగ్గరే అసలు లెక్క వేసుకోవాల్సి వచ్చింది. సీపాప్ రాత్రంతా నడవాలి, కారు ఆగి ఉంటుంది. వేడి తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ ఆపేస్తే మామయ్య మెషిన్ 40 వాట్ల దాకా తీసుకుంటుంది, 8 గంటలకి 320 వాట్-అవర్లు. కారు బ్యాటరీ 45 ఆంపియర్-అవర్లదైతే, నిండుగా ఉన్నా 12 వోల్టులతో గుణిస్తే మొత్తం 540 వాట్-అవర్లే, పైగా ఇన్వర్టర్ తనకోసం పదో పదిహేనో శాతం తినేస్తుంది. సగం కన్నా ఎక్కువ ఖాళీ అయితే పొద్దున్న సెల్ఫ్ తీసుకోవడం కష్టం, మళ్లీ మళ్లీ అలా దింపితే బ్యాటరీ ఆయుష్షే పోతుంది, ఎందుకంటే అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇచ్చి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి చేసిన బ్యాటరీ, గంటల తరబడి నెమ్మదిగా పిండుకోవడానికి కాదు. ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఆగేది 10 లేదా 10.5 వోల్టుల దగ్గర, అప్పటికి బ్యాటరీలో ఏమీ మిగలదు. ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగమైపోయినట్టు.

అందుకని 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్ ఒకటి, అంటే ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టె, వెంట తెచ్చుకున్నాం, పగలు కారు నడుస్తున్నప్పుడు లైటర్ సాకెట్ నుంచే 100 వాట్ల చొప్పున నింపడం, రాత్రి దాన్ని టెంట్‌లో పెట్టుకోవడం. మెషిన్ కంపెనీవాళ్లే అమ్మే డీసీ కేబుల్ వాడాం, మధ్యలో ఏసీగా మార్చే పని లేదు కాబట్టి ఛార్జ్ పెద్దగా వృథా కాలేదు. పొద్దున్నకి ఇంకా మిగిలింది. మామయ్య హాయిగా నిద్రపోయారు, ఆ రాత్రి అందరికీ టెన్షన్ తగ్గింది. క్యాంపు వాళ్లు టెంట్లకి దగ్గర్లో కరెంటు స్తంభాలు పెట్టారు, వాన మూత ఉన్న సాకెట్లు, బ్రేకరూ ఉంది, చక్కటి ఏర్పాటు. కానీ ఒక్కో స్తంభం నాలుగైదు టెంట్లకి, ఎవరో హీటర్ పెట్టగానే బ్రేకర్ పడిపోయేది. ఊపిరి మెషిన్‌ని అలాంటిదానికి వదిలేయలేం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఛార్జింగ్ కోసమని రాత్రి టెంట్ పక్కన ఇంజిన్ ఆన్ చేసి వదిలేయకండి, మూసిన షెడ్డులో అయితే అసలే వద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ల్యాప్‌టాప్ సంగతికొస్తే, ట్రిప్ సగంలోనే దాన్ని ఇన్వర్టర్ మీంచి తీసేశాను. కారు డీసీని ఇన్వర్టర్ ఏసీ చేయడం, ఆ ఏసీని అడాప్టర్ మళ్లీ డీసీ చేయడం, రెండు చోట్లా వేడిగా పోయేదే. 65 వాట్ల టైప్ సి కారు ఛార్జర్ నేరుగా ఇచ్చేస్తుంది, ఫ్యాను చప్పుడు కూడా లేదు. మీ ల్యాప్‌టాప్ టైప్ సి ద్వారా ఛార్జ్ తీసుకునేదైతే ముందు అదే కొనండి, ఇన్వర్టర్ గురించి తర్వాత ఆలోచించవచ్చు. మా ఇన్వర్టర్ చివరికి డ్రోన్ ఛార్జర్‌కీ కెమెరా ఛార్జర్‌కీ మిగిలింది, వాటికి మాత్రం అది లేకపోతే కుదిరేది కాదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే దాన్ని ఆన్ చేయడం, దిగేటప్పుడు పీకేయడం అలవాటు చేసుకున్నాం, ఎందుకంటే కొన్ని కార్లలో తాళం తీసినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది, ఏమీ పెట్టకపోయినా ఇన్వర్టర్ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది. బ్యాగుల కింద పెట్టకూడదు, గాలి తగలాలి. ఎండలో కారు పార్క్ చేస్తే లిథియం బ్యాటరీలు లోపల వదలకుండా వెంట తీసుకెళ్లాం.

సముద్రం ఒడ్డున తీసుకున్నది పెద్ద హోటల్. గది నిండా ప్లగ్గులు, మంచం పక్కన యూఎస్‌బీ కూడా. కానీ తలుపు దగ్గర కార్డు తీస్తే మొత్తం కరెంటు పోతుంది, పగలంతా బీచ్‌లో ఉంటే ఇక్కడ ఏదీ ఛార్జ్ అవ్వదు. ఫ్రిజ్ ప్లగ్ ఒక్కటి మాత్రం ఆన్‌లో ఉంటుందని క్లీనింగ్‌కి వచ్చినావిడ చెప్పింది, ఆ పక్క సాకెట్ వాడుకున్నాం. సిబ్బంది మంచివాళ్లు, వైఫై బాగుంది, కరెంటు పరంగా వంక పెట్టడానికి ఇంకేం లేదు.

అక్కడినుంచి చుట్టుపక్కల చూడ్డానికి ఒకరోజు మినీ బస్సు మాట్లాడుకున్నాం. తమ్ముడు ఇన్వర్టర్ తీసి పెట్టబోతే డ్రైవరన్న ఆపాడు, ఆ బస్సు 24 వోల్టులది. చాలా బస్సులూ లారీలూ అంతే, 12 వోల్టుల ఇన్వర్టర్ అందులో పెడితే అదృష్టం బాగుంటే అలారం మోగి ఆగుతుంది, లేకపోతే కాలిపోతుంది. సీట్ల పక్కన ఉన్న యూఎస్‌బీ పాయింట్లు మాత్రం వాడుకోమన్నాడు, అవి ఫోన్లకి సరిపోయాయి. అద్దె బండి ఏదైనా సరే, సాకెట్ ముట్టుకునే ముందు డ్రైవర్‌ని ఒక్క మాట అడగండి, ఎన్ని వోల్టులో ఆయనకి తెలుస్తుంది.