క్షయ రోగుల కోసమంటూ డబ్బు కట్టించుకునే యాప్‌తో జాగ్రత్త

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్నకు క్షయ ఉన్నట్లు ఒక ప్రైవేటు క్లినిక్‌లో తేలినప్పుడు, అక్కడ పనిచేసే ఒకరు చెప్పగా ఆరు నెలలకు 1,499 రూపాయలు కట్టి ఒక యాప్ తీసుకున్నాము. రోజూ మాత్రలు మింగిందీ లేనిదీ అది నమోదు చేస్తుందనీ, వివరాలు నేరుగా ప్రభుత్వానికి చేరి, క్షయ రోగులకు ప్రభుత్వం ఇచ్చే పోషణ భత్యం ఖాతాలో పడుతుందనీ చెప్పడంతో, ఆధార్ నంబరూ పాస్‌బుక్కు ఫొటో కూడా అందులో పెట్టాము.

మొదటి అనుమానం నాన్నకే వచ్చింది. కొండమల్లేపల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్లి, గోలీల అట్ట ఇంట్లోనే మరచి మూడు రోజులు ఉండి వచ్చేసరికి, ఆ మూడు రోజులకూ యాప్‌లో పచ్చటి టిక్కులు పడి ఉన్నాయి. "మింగకున్నా మింగినట్టే చూపెడుతుంది గదరా" అన్నాడు. రెండు నెలలైనా డబ్బు పడకపోగా, ఖాతా ధ్రువీకరణకు మరో 199 రూపాయలు కట్టి ఓటీపీ చెప్పమని ఫోను వచ్చింది. చెప్పలేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడివారు క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో వెతికి, నాన్న పేరే లేదన్నారు. 2012 నుంచి క్షయ రోగుల వివరాలను ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలపవలసి ఉన్నా, క్లినిక్ వారు ఆ పని చేయలేదు. యాప్ చూపిన 'రోగి సంఖ్య' దాని సొంత లెక్క మాత్రమే. ఆ రోజే పేరు ఎక్కించి, నిక్షయ్ ఐడీ ఇచ్చి, మందులు ఉచితంగా చేతిలో పెట్టారు. మధ్యలో మానితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉన్న జబ్బుకు, ఉత్తుత్తి టిక్కును నమ్ముకున్నామే అన్నదే నన్ను ఎక్కువగా బాధించింది.

పోషణ భత్యం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. దానికి ఏ రుసుమూ లేదు. చికిత్స వివరాలు ఫోనులో చూసుకోవాలంటే ప్రభుత్వానిదే 'టీబీ ఆరోగ్య సాథీ' యాప్ ఉచితంగా ఉంది. అందుకు నిక్షయ్ ఐడీ కావాలి. సందేహమొస్తే ప్రభుత్వ క్షయ సహాయవాణి 1800-11-6666కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇప్పటికే పాస్‌బుక్కు ఫొటో పెట్టినవారు బ్యాంకులో చెప్పి ఉంచండి, ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోను చేయండి. మా 1,499 రూపాయల కోసం యాప్ వారికి మూడుసార్లు రాశాను, జవాబు రాలేదు.